పని ముందు, పేర్లు తర్వాత

బేబీ ఉలి 'డ్రైనేజీ' అన్న మాటలో 'నే' దగ్గరికి వచ్చింది. అక్షరం వంపు తిరిగే చోట ఆమె సుత్తి చప్పుడు దానంతటదే మెత్తబడుతుంది. నల్లరాయి పెచ్చు లేచేది వంపుల దగ్గరే. అక్కడ తొందరపడితే రాయి పోయినట్టే. ఠక్, ఠక్, ఠక్. తెల్లటి పొడి లేచింది. ఉఫ్‌మని ఊది, తడిగుడ్డతో తుడిచి, వేలికొనతో గాడి లోతు చూసుకుంది. సమంగా ఉంది. మళ్లీ సుత్తి ఎత్తింది.

మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక రేకుల షెడ్డు అది. ముందు రెండు సమాధి రాళ్లు, ఒక కిరాణా కొట్టు పేరు పలక గోడకు ఆనించి ఉన్నాయి. వాటికి తొందర లేదు. ఆమె ముందు చెక్కబల్ల మీద పడుకుని ఉన్న ఈ రాయి మాత్రం ఇవాళే సున్నంబట్టి గల్లీ మూల మీద నిలబడాలి. అది కొత్త డ్రైనేజీ లైనుకు శంకుస్థాపన రాయి. ఆ గల్లీలోనే బేబీ ఇల్లు.

స్కూటర్ ఒకటి షెడ్డు గుంజకు తగలబోయి ఆగింది.

"బేబక్కా! కొంప మునిగింది అక్కా!"

"ముందుగాల ఆ హెల్మెట్ తియ్యి తమ్మీ. సగం మాట లోపల్నే ఉంటున్నది."

హెల్మెట్ తీసింది రవీందర్. కార్పొరేటర్ పార్టీకి బస్తీలో అన్నీ తానే. పింఛన్ కాగితం దగ్గర్నుంచి దవాఖానాలో మంచం దాకా, గల్లీలో ఎవరికేం కావాలన్నా మొదట మోగేది అతని ఫోనే.

"మూడు గంటలకు ఢిల్లీల ప్రెస్‌మీట్ అంట! పార్లమెంటు ఎలక్షన్ల తారీఖులు చెప్తరు. చెప్పిన నిమిషం కెల్లి కోడ్!"

బేబీ సుత్తి గాల్లోనే ఆగింది.

ఎన్నికల కోడ్ అంటే ఏమిటో సున్నంబట్టి గల్లీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కోడ్ పడేసరికి మొదలైన పని సాగుతుంది. మొదలుకాని పని ఎన్నికలు అయ్యేదాకా మొదలవదు. ఇది మార్చి. ఇప్పుడు తప్పితే మళ్లీ జూన్. జూన్ అంటే వానలు. వానల్లో గుంత తవ్వరు, ఆ తర్వాత ఏదో ఒక పండగ, ఆ తర్వాత ఇంకేదో ఎలక్షన్.

"ఇంక మస్తు టైముంది," అంది బేబీ. గొంతు మాత్రం అంత ధీమాగా లేదు. "నువ్వు పోయి మూలకాడ గుంత తీయించు. సిమెంటు కలిపి పెట్టు. రాయి సంగతి నాకిడిసిపెట్టు."

రవీందర్ హెల్మెట్ పెట్టుకోవడం మరచిపోయి, దాన్ని మోచేతికి తగిలించుకుని దూసుకుపోయాడు.

బేబీ మళ్లీ రాయి మీదికి వంగింది. ఉలి పట్టిన చేతికి ఇప్పుడు ఉత్సాహం ఎక్కింది. పోయిన వానాకాలం ఆమె కళ్ల ముందు తిరుగుతోంది. మ్యాన్‌హోల్ మూత పడవలా తేలింది. మోరి నీళ్లు గడప దాటి వచ్చి మంచం కోళ్లు పట్టుకున్నాయి. నల్లా తిప్పితే నీళ్లతో పాటు వాసన వచ్చింది. అంతకు ముందటేడు ఇవే నీళ్లు తాగి కూతురు సుజనకు కామెర్లు అయ్యాయి, పిల్ల చావు దాకా వెళ్లివచ్చింది. ఆ తర్వాత పెళ్లయింది, ఇప్పుడు కడుపుతో ఉంది. జూన్‌లో పురిటికి పుట్టింటికి రావాలి. కానీ వియ్యపురాలు మొన్న ఫోన్లో మొహమాటం లేకుండా చెప్పేసింది: "ఏమనుకోకు వదినా, ఆ మోరినీళ్ల గల్లీకి మా కోడల్ని పంపం. పురుడు ఈడ్నే అయితది. నువ్వే వచ్చి చూస్కోరాదు."

ఇప్పుడు బేబీ చెక్కుతున్నది ఆ మాటకు జవాబే. అమ్మ చేతి వంట తింటూ పిల్ల తన ఇంట్లో నిమ్మళంగా కాళ్లు చాపుకోవాలి. దానికి గల్లీలో పైపు పడాలి. పైపు పడాలంటే గడ్డపార పడాలి. ఈ నగరంలో రాయి పడనిదే గడ్డపార పడదు.

రాయి పడ్డా ఒక్కోసారి గడ్డపార పడదు. అదీ ఆమెకు తెలుసు. ఐదేళ్ల కింద ఇదే డ్రైనేజీకి ఇదే మూల మీద ఒక రాయి వెలిసింది. దండలు పడ్డాయి, ఫోటోలు పడ్డాయి, కోడ్ కూడా పడింది. పైపు మాత్రం పడలేదు. ఆ రాయిని తర్వాత ఎవరో పీకి పక్కన పడేస్తే బేబీ ఇంటికి తెచ్చుకుంది. ఇప్పుడది ఆమె వాకిట్లో బట్టలు ఉతికే బండ. పేర్లన్నీ నేల వైపు ఉన్నాయి.

బేబీకి ఈ పని నేర్పింది తండ్రి డానియేలు. ఆయనకు ఒక పద్ధతి ఉండేది: పని పేరు, తారీఖు ముందు. మనుషుల పేర్లు చివర. వేరేచోట్ల నాయకుడి పేరే మొదట, పెద్దక్షరాల్లో చెక్కుతారు. డానియేలు కూడా అలాగే చేసేవాడు, ఒకసారి పొద్దున చెక్కిన పేరుగల పెద్దమనిషి సాయంత్రానికి పార్టీ మారేదాకా. నున్నగా పాలిష్ చేసిన రాయి ముఖాన్ని మళ్లీ అరగదీయాల్సి వచ్చింది ఆయనకు. "బిడ్డా, మోరి ఎక్కడికీ పోదు. పేర్లు పోతయి," అని అప్పట్నుంచి అనేవాడు.

అందుకే ఇప్పుడు ఆమె ముందున్న రాయి మీద పైన 'సున్నంబట్టి గల్లీ కొత్త డ్రైనేజీ లైను పని ప్రారంభం' అని, దాని కింద ఇవాళ్టి తారీఖు. తారీఖు చివరి అంకె పూర్తవుతోంది. కింద మూడొంతుల రాయి ఖాళీగా, నల్లగా, అద్దంలా మెరుస్తోంది. అందులో మంత్రి, ఎంపీ, ఎమ్మెల్యే, కార్పొరేటర్ పేర్లు సుద్దతో గీసి ఉన్నాయి. గట్టిగా కూచుంటే మధ్యాహ్నం రెండింటికల్లా అయిపోతాయి.

అప్పుడే వచ్చాడు సీతారాం.

సీతారాం సర్కారు పార్టీ డివిజన్ ప్రెసిడెంటు. రవీందర్, అతను ఒకే బడిలో ఒకే బల్ల మీద కూచుని చదువుకున్నారు. ఇప్పటికీ ఒకే హోటల్లో చాయ్ తాగుతారు, ఒకరి చాయ్ డబ్బులు ఇంకొకరు ఇవ్వనివ్వరు. ఈ డ్రైనేజీ మంజూరు కావడానికి నిజానికి ఇద్దరూ తిరిగారు. కార్పొరేటర్ హరిచందన కౌన్సిల్ మీటింగుకు గల్లీ నల్లా నీళ్లు సీసాలో పట్టుకెళ్లి, బల్ల మీద పెట్టి, "ఎవరైనా ఒక గుక్క తాగుండ్రి, నేను ఊకుంట," అంది. ఆ సీసా నింపి ఇచ్చింది రవీందర్. కానీ డబ్బు సర్కారుది. మంత్రి పేషీలో ఫైలు కదిలేదాకా బెంచీ వదలకుండా కూచున్నది సీతారాం. ఇద్దరిలో ఎవరు లేకపోయినా ఈ రాయి ఉండేది కాదు. ఇద్దరిలో ఎవరూ ఆ మాట ఒప్పుకోరు.

"బేబక్కా, చిన్న మార్పు," అన్నాడు సీతారాం నవ్వుతూ. "మంత్రిగారు గుడిమల్కాపూర్ దిక్కు ఇంకో శంకుస్థాపనల ఉన్నరు. ఇటు రావుడు అయితలేదు. మా పార్టీ నియోజకవర్గం ఇన్‌చార్జి సాబ్ వస్తున్నడు. ఆయన పేరు పైన, గింత పెద్దగ."

ఆ మాట పూర్తికాకుండానే గుంత తీయించి వచ్చిన రవీందర్ వెనకనుంచి విన్నాడు.

"ఎవలూ? పోయినసారి ఎమ్మెల్యేగ నిలబడి ఓడిపోయినోడా? ఓడినోడి పేరు రాయి మీదనా? ప్రోటోకాల్ అంటే తెలుసారా నీకు?"

"ఓడితే ఏంది బే? సర్కార్ మాది! పైసలు మేమియ్యాలె, పేరు మీకు గావాల్నా?"

"పైసలు నీ జేబుల కెల్లి తీసినవా? జనాలవి!"

"జనాలు మాకేసిన్రు!"

"ఈ గల్లీల మాకేసిన్రు!"

షెడ్డు ముందు మంది పోగయ్యారు. కొత్తిమీర కట్టలు కట్టుకునేవాళ్లు కట్టలు పట్టుకునే వచ్చేశారు. అంతలో బయట హారన్ మోగింది. జేసీబీ డ్రైవర్ యూసుఫ్ తల బయట పెట్టాడు.

"అరె భాయ్, ఖోద్‌నా హై యా నై? తవ్వాల్నా వద్దా? ఇంకో బస్తీల కూడా రాయి పడుతున్నది. ఆడికి పొమ్మని ఫోన్ మీద ఫోన్. నేను పోతున్న!"

జేసీబీ పోతే పని పోయినట్టే. ఇవాళ నగరమంతా కోడ్ పడకముందే తవ్వాలని ఉరుకుతోంది. ఇంకో బండి ఎక్కడా దొరకదు. బేబీ లేచి నిలబడింది. ఇద్దరి మధ్యకు సుత్తితోనే వెళ్లింది. ఇద్దరూ ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఇద్దరు ఒక్క నిమిషం నోరు మూస్తరా? ప్రేమ్‌రాజ్ సారూ, ఇటు రాండ్రి!"

ప్రేమ్‌రాజ్ డ్రైనేజీ పని చూసే ఇంజనీరు. రాయి అయ్యిందో లేదో చూడ్డానికి వచ్చి, గొడవ చూసి మంది వెనకే ఆగిపోయాడు.

"సార్, సక్కగ ఒక్క మాట చెప్పుండ్రి. పని మొదలైనట్టు లెక్క ఎప్పుడు? రాయి పడితేనా, గుంత పడితేనా?"

"గుంత పడితే, బేబమ్మా. భూమిల బకెట్ దిగాలె. నేను ఫోటో తీసి ఆఫీసుకు పంపాలె. గంతే. రాయితోటి నాకు పని లేదు. ఇంకా చెప్పాల్నంటే, కోడ్ పడ్డంక నాయకుల పేర్లున్న రాళ్లకు మళ్లా మేమే గుడ్డ కప్పుకుంట తిరగాలె."

బేబీ కళ్లు మెరిశాయి. తండ్రి పద్ధతి ఇంత అక్కరకు వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. రాయి వైపు చూసింది. పని పేరు ఉంది. తారీఖు ఉంది. కింద సుద్ద గీతలు. తడిగుడ్డ అందుకుని ఒక్క ఊపున ఆ సుద్దంతా తుడిచేసింది. మంత్రి, ఎంపీ, ఎమ్మెల్యే, కార్పొరేటర్ అందరూ గుడ్డలోకి వచ్చేశారు.

"అక్కా!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. ఆ పొద్దు వాళ్లు ఏకమైంది ఆ ఒక్క అరుపులోనే.

"ఇనుండ్రి. రాయి గిట్లనే నిలబెడదం. పేర్ల జాగ ఖాళీగ ఉంటది. ప్రోటోకాల్ల ఎంపీ పేరు ఉండాలె కదా? ఇప్పుడున్న ఎంపీ జూన్‌ల ఉంటడో ఊడ్తడో ఎవలికెరుక? ఇయ్యాల చెక్కితే రేపు గీకుడు నాకే తిప్పలు. ఎలక్షన్లు అయినంక, ఎవలు గెలిస్తే వాళ్ల పేరుతోటి, సారు తెచ్చిన ప్రోటోకాల్ ప్రకారం, నిలబెట్టిన రాయి మీదనే చెక్కుత. అంత దాంక గుడ్డ కప్పే పని గూడ లేదు."

ఇద్దరూ ఆలోచనలో పడ్డారు. రవీందర్ మనసులో ఏముందో అతని మొహంలోనే కనబడింది: జూన్‌లో గెలిచేది మావోడే, అప్పుడు పేరు ఇంకా పెద్దగా పడుతుంది. సీతారాం మొహంలోనూ అచ్చం అదే కనబడింది. ఒకరినొకరు చూసుకుని ఇద్దరూ జాలిగా నవ్వుకున్నారు, ఎదుటివాడికి పాపం ఏమీ తెలియదన్నట్టు.

"సరే అక్కా, నువ్వు చెప్పినవని," అన్నాడు సీతారాం పెద్దమనసుతో.

"అక్క మాట కాదంటమా," అన్నాడు రవీందర్ ఇంకా పెద్దమనసుతో.

"అయితే పట్టుండ్రి మరి! తలా ఒక దిక్కు!"

ఆ తర్వాత అంతా ఉరుకులే. కూరగాయల ట్రాలీ ఆటోలోంచి టమాటా డబ్బాలు దించేసి, అడుగున గోనెసంచులు పరిచారు. రాయికి ఒక అంచు రవీందర్, ఒక అంచు సీతారాం పట్టారు. బేబీ వెనకనుంచి "వంచొద్దు! నిలబెట్టి పట్టు! అరె, మూల తాకిస్తున్నవ్!" అని అరుస్తూ, ఆటో కదులుతుండగా ఎక్కి రాయిని బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని కూచుంది. వెనక జేసీబీ. దాని వెనక కొత్తిమీర కట్టలతో సహా సగం మార్కెట్. మేకలు అడ్డమొస్తే యూసుఫ్ హారన్ మీంచి చెయ్యి తీయలేదు. కిటికీల్లోంచి ఆడవాళ్లు "ఎవల పెండ్లి?" అని అడిగితే, "మన మోరి పెండ్లి!" అని రవీందర్ కేకేశాడు.

గల్లీ మూల మీద రాయిని గుంతలో దించారు. బేబీ తూకం దారం పట్టి నిలువు సరిచూసి, రెండు వైపులా రాతి ముక్కలు బిగించి, తాపీ తానే అందుకుని సిమెంటు మెత్తింది. గల్లీ మొదట్లో టీవీల దుకాణంలో అన్ని టీవీల్లోనూ ఒకే ఖాళీ కుర్చీలు, ఒకే మైకులు. ఇంకా ఎవరూ వచ్చి కూచోలేదు.

కార్పొరేటర్ హరిచందన చెమటలు తుడుచుకుంటూ నడిచి వచ్చింది. అటువైపు నుంచి ఇన్‌చార్జి కారు దిగాడు. జేసీబీ ముందు పసుపు కుంకుమ, ఒక కొబ్బరికాయ సిద్ధంగా ఉన్నాయి. రెండు చేతులు ఒకేసారి ఆ కాయ మీదికి సాగాయి. రెండూ ఆగాయి.

"మేడమ్ ఎన్నికైన మనిషి," అన్నాడు రవీందర్.

"సర్కార్ తరఫున సాబ్ కొట్టాలె," అన్నాడు సీతారాం.

టీవీల్లో కుర్చీల వెనక తలుపు తెరుచుకుంది. "వస్తున్నరు, వస్తున్నరు!" అని దుకాణందారు అక్కడినుంచే అరిచాడు.

అప్పుడు మందిని మోచేతులతో తోసుకుంటూ నాగమణమ్మ వచ్చింది. గల్లీలో అందరికన్నా పెద్దది. పాలు అమ్మి పిల్లల్ని పెంచిన మనిషి. పోయిన వానకు ఆమె గేదెల కొట్టంలోనే మోరి మొదట పొంగింది. ఎవరినీ ఏమీ అడగలేదు. కొబ్బరికాయ లాక్కుని, జేసీబీ బకెట్ పళ్ల మీద ఫెడీమని కొట్టింది. నీళ్లు హరిచందన చీర మీద, ఇన్‌చార్జి చొక్కా మీద సమానంగా చిందాయి.

"అయ్యిందా మీ ప్రోటోకాల్? తవ్వురా యూసుఫూ!"

ముందు నవ్వింది హరిచందన. "అవ్వ చేయి మంచిదే, తవ్వుండ్రి," అంది. ఆమె నవ్వాక ఇన్‌చార్జి నవ్వకుండా ఎట్లా ఉంటాడు? యూసుఫ్ "బిస్మిల్లా" అని గేరు మార్చాడు. బకెట్ పైకి లేచి, గల్లీ బండలు పగిలేలా దిగింది. నల్లటి తడిమన్ను బయటికి వచ్చింది. ప్రేమ్‌రాజ్ ఫోన్ ఎత్తి ఫోటో మీద ఫోటో తీశాడు, ఒకదాన్ని అక్కడికక్కడే పంపాడు.

"పోయింది! చేరింది!" అని ఇంజనీరు చిన్నపిల్లాడిలా ఎగిరాడు.

టీవీల్లో పెద్దమనిషి మైకు సవరించుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు. ఈలలకు ఆయన మాట ఎవరికీ వినబడలేదు.

బేబీ మూలకు జరిగి ఫోన్ తీసింది. "సుజనా! ఇను, చప్పుడు ఇను బిడ్డా!" అని ఫోన్‌ను జేసీబీ వైపు పట్టుకుంది. "మీ అత్తమ్మకు గూడ ఇనిపియ్యి!"

వేసవంతా గల్లీలో దుమ్ము, పైపులు, తిట్లు, జెండాలు. పైపుల మీద కూచుని రెండు పార్టీల వాళ్లూ కరపత్రాలు పంచారు. ఎవరు నినాదం ఇచ్చినా పని ఆగలేదు. ఖాళీ రాయి మాత్రం మూల మీద అట్లాగే నిలబడింది. దాని నునుపులో ఆడపిల్లలు జడలు చూసుకునేవారు. పైపులన్నీ పూడ్చి, మీద రోడ్డు వేశాక ఒక ఆదివారం సుజన ఆటో దిగింది. వెనకే వియ్యపురాలు. ఆమె తిన్నగా వంటింట్లోకి వెళ్లి, నల్లా తిప్పి, నీళ్లు దోసిట్లో పట్టి వాసన చూసింది. కోడలి సంచి లోపల పెట్టింది.

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. ఒకరు గెలిచారు, ఒకరు ఓడారు. మర్నాడే గెలిచినవాడి మనిషీ, ఓడినవాడి మనిషీ బేబీ షెడ్డు ముందు ఒకే స్కూటర్ దిగారు. వెనక ప్రేమ్‌రాజ్ పేర్ల వరస తెచ్చాడు. పదవి ఉన్నవాళ్ల పేర్లే అందులో ఉన్నాయి. ఇన్‌చార్జి పేరు లేదు.

పడుకోబెట్టిన రాయి మీద చెక్కడం వేరు, నిలబడ్డ రాయి మీద చెక్కడం వేరు. సుత్తి బరువు చేతిలోనే ఉంటుంది, పొడి కళ్లలో పడుతుంది. బేబీ పీట వేసుకుని, చీర కొంగు ముక్కుకు చుట్టి మొదలుపెట్టింది. రెండో పేరు దగ్గర ఉండగా వాన మొదలైంది. రవీందర్ ఒక కొస, సీతారాం ఒక కొస పట్టి ఆమె మీద టార్పాలిన్ ఎత్తారు.

"అక్కా, నా పేరు గూడ ఒక మూలకు చిన్నగ..." అన్నాడు సీతారాం.

"సీసా నింపింది నేను. నాది ముందు," అన్నాడు రవీందర్.

"కార్పొరేటర్లు అయి రాండ్రి, చెక్కుత. గట్టిగ పట్టు తమ్మీ, నీ దిక్కు కారుతున్నది. ఓడినా చేతులు గట్టిగనే ఉండాలె."

"ఓడింది ఈసారే అక్కా. వచ్చేసారి చూడు," అన్నాడు ఓడిన పార్టీ మనిషి.

"చూస్త. అప్పటిదాంక ఇది పట్టుకో."

వాన ఊపందుకుంది. అలవాటు ప్రకారం నాగమణమ్మ గడపకు అడ్డంగా ఇసక సంచి పెట్టుకుని వాకిట్లో కాపలా నిలబడింది. నీళ్లు రోడ్డు మీద చేరాయి, సుడి తిరిగాయి, కొత్త జాలీల్లోంచి గలగలమంటూ కిందికి దిగిపోయాయి. ఎక్కడా నిలవలేదు. ముసలామె కాసేపు నమ్మలేనట్టు చూసి, సంచిని కాలితో అవతలికి తన్నింది. అరుగు మీద నిండు కడుపుతో కూచున్న సుజన పడీపడీ నవ్వింది.

వాన వెలిశాక బేబీ చివరి పేరు చివరి అక్షరం ముగించింది. రాయి పూర్తిగా ఆరేదాకా ఆగి, గాడుల్లో తెల్లరంగు నింపి, కిరసనాయిలు గుడ్డతో పైన తుడిచింది. పేర్లన్నీ ఒకే ఎత్తు, ఒకే లోతు. వాటి మీద, అన్నిటికన్నా పెద్దగా, పని పేరు. వేలికొనతో ఒక్కో గాడీ తడిమి చూసుకుని లేచి, నడుం పట్టుకుని పక్కకు జరిగింది.

"అయ్యింది సార్. రాయి మీది. చూస్కోండ్రి," అని ఇంజనీరుకు అప్పగించి, ఉలి, సుత్తి గుడ్డలో చుట్టుకుని, సుజన దగ్గరికి నడిచింది.